పంపినవారికి ఒక నకలు

చర్చి గుమ్మం పక్కన ప్రార్థన చీటీల పెట్టె ఒకటుంది. ఆదివారం అందులో పడిన చీటీలను శుక్రవారం స్త్రీల కూటంలో చదివి ప్రార్థన చేస్తారు. పేరు రాయకపోయినా చేతిరాత చూసి అది ఎవరిదో అందరూ పట్టేస్తారు. అందుకే ఆ పెట్టెలో మోకాళ్ల నొప్పులూ పిల్లల పరీక్షలూ తప్ప వేరే ఏమీ పడవు.

"అసలు కష్టాలు ఎవరూ రాయడం లేదమ్మా," అన్నారు పాస్టర్ అబ్రహాం గారు ఎవాంజెలిన్‌తో. "మన వెబ్‌సైటులో ఒక ఫారం పెట్టు. రాసినవి నీకూ నాకూ మెయిల్లో వచ్చేటట్టు చెయ్యి. పేరు మాత్రం అడగొద్దు."

ఎవాంజెలిన్ కన్నడ ప్రాంతంలోని చందాపురలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరు. చర్చి వెబ్‌సైటు కూడా ఆమే చూస్తుంది. శనివారం పొద్దున వంట అయ్యాక భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఫారంలో మూడు గడులు పెట్టింది. పేరు, ఇష్టమైతేనే రాయొచ్చు. మెయిల్ ఐడీ, ఎర్ర చుక్క పెట్టింది, అంటే రాయకుండా ఫారం పోదు. మూడోది మనవి.

ఎదురుగా చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు కృపమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది. ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయిన మనిషి.

"పేరు వద్దంటివి. మళ్లా ఐడీ ఎందుకు?"

"పాస్టరుగారు ఒక బైబిల్ వాక్యం జవాబు రాస్తారంట అత్తమ్మా. ఐడీ లేకుంటే యాడికి రాస్తారు?"

"సరే, నాది రాస్తా చూడు. పని చేస్తాందో లేదో తెలుస్తాది."

కృపమ్మ తన ఫోన్లో నెమ్మదిగా ఒక్కో అక్షరం నొక్కింది. దేవుడు కుడి మోకాలిని చూశాడనీ, ఎడమదాన్ని మరిచిపోయినట్టున్నాడనీ, ఒకసారి గుర్తు చేయమనీ రాసింది. మొదటిసారి అది పనికిరాని మెయిళ్లలో పడింది. ఎవాంజెలిన్ దాన్ని సరిచేసింది. రెండోసారి పంపగానే ఎవాంజెలిన్ లాప్‌టాప్, కృపమ్మ ఫోను ఒకేసారి మోగాయి.

"ఇదేందే, నా ఉత్తరం నాకే తిరిగొచ్చె. దేవుడు వద్దన్యాడా ఏంది?"

"అది నకలు అత్తమ్మా. మీరు రాసింది మాకు అందిందని మీకు తెలిసేదానికి. దానంతట అదే పోతాది. తీసేస్తాలే."

"తీయొద్దు, ఉండనీ. పోస్టాఫీసులో రసీదు ఇచ్చినట్ల బాగుండాది. రాసినోళ్లకి ధైర్యంగా ఉంటాది."

నిజమే అనిపించింది ఎవాంజెలిన్‌కు. 'పంపినవారికి ఒక నకలు' అన్న గడిలో టిక్కు ఉంది. దాన్ని అలాగే ఉంచేసింది.

ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు ఫారం గురించి చెప్పారు. "మీ పేరు ఎవరికీ తెలీదు. చేతిరాత ఉండదు. మనసు విప్పి రాయండి," అన్నారు. సోమవారం అయిదు మనవులు వచ్చాయి. అయిదింటికీ పేర్లున్నాయి.

మంగళవారం భోజనం గంటలో, స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఎవాంజెలిన్ ఫోను చూసింది. ఆరో మనవి పది గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. పేరు గడి ఖాళీగా ఉంది.

'నా పేరు వద్దు. గురువారం మా అన్న వస్తాడు. మా ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోయినాక పాపను తీసుకొని మా ఊరికి పోతాను. ఇంక దెబ్బలు తినలేను. పోయిన వారం పాప ముందరే గొంతు పట్టుకున్నాడు. బస్సు ఎక్కేదాకా నాకు ధైర్యం ఇమ్మని ప్రార్థన చేయండి.'

కింద మెయిల్ ఐడీ ఉంది. డానియల్, లావణ్య అని రెండు పేర్లూ కలిపిన ఐడీ.

ఎవాంజెలిన్ డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. ఆ ఐడీ ఆమెకు బాగా తెలుసు. డానియల్ చర్చి పాటల బృందానికి పెద్ద. క్రిస్మస్ పాటలన్నీ ఆ ఐడీకే పంపేది. లావణ్యతో పెళ్లయిన కొత్తలో అతను చేసిన ఐడీ అది. స్కూల్లో అడ్మిషన్ ఫారాలు చూసే తనకు ఈ సంగతి తట్టకుండా ఎలా పోయింది? ఇంటికొక్కటే మెయిల్ ఐడీ. అమ్మ గడిలోనూ నాన్న ఐడీయే. పిల్ల చదువుకైనా, గ్యాసుకైనా, కరెంటుకైనా అదే. ఆ మెయిలు తెరుచుకునేది మగవాడి ఫోన్లోనే.

పది ఇరవైకి నకలు ఆ ఐడీకి పోయి ఉంటుంది, రాసింది రాసినట్టుగా.

టైము పన్నెండు నలభై. డానియల్ జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టాలనీ, రెండింటికి గానీ చేతికి రావనీ పాటల ప్రాక్టీసులో అతనే చాలాసార్లు చెప్పాడు. అయితే ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. లావణ్యకు ఫోన్ చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదని హెడ్మిస్ట్రెస్‌కు చెప్పి ఆటో ఎక్కింది.

ఆటోలో కూర్చుని ఫోన్లో ఫారం తెరిచి ఆ టిక్కు తీసేసింది. ఇప్పుడు తీసి లాభం లేదని తెలిసినా తీసింది. తర్వాత పాస్టరుగారికి ఫోన్ చేసింది.

"నేనూ చూసినానమ్మా," అన్నారాయన. "నువ్వు తొందరపడొద్దు. డానియల్‌తో నేను కూర్చుని మాట్లాడతా. సంసారమన్నాక..."

"అయ్యగారూ, మీరు అతనితో మాట్లాడొద్దు. దయచేసి ఈ రెండు రోజులు మాట్లాడొద్దు."

"నన్ను నమ్మవా అమ్మా?"

ఆమె ఫోను పెట్టేసింది.

లావణ్య వాళ్లది వఠారంలో చివరి ఇల్లు. ఎనిమిది ఇళ్లకు ఒకే వరండా, ఒకే కొళాయి. లావణ్య కొళాయి దగ్గర బట్టలు పిండుతోంది. సన్నగా, ఇరవై ఆరేళ్లకే పెద్దదానిలా కనిపిస్తుంది. మార్చి ఎండలో కూడా మెడ చుట్టూ చున్నీ చుట్టుకుని ఉంది.

"ఏందక్కా, స్కూలు లేదా ఈ పొద్దు?"

ఎవాంజెలిన్ ఆమెను ఇంట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది. నకలు సంగతి మొత్తం చెప్పింది. లావణ్యకు మొదట అర్థం కాలేదు. నవ్వబోయింది.

"లేదక్కా, నేను పేరే రాయలేదు కదా."

"పేరు కాదు లావణ్యా. ఐడీ రాసినావు. నువ్వు రాసిందంతా ఆ ఐడీకి పోయింది. ఆ మెయిలు యాడ తెరుచుకుంటాది?"

లావణ్య చేతులు తుడుచుకోవడం ఆపేసింది.

"ఎర్రగా చూపిస్తా ఉంటే, రాయకుంటే పోదంటా ఉంటే, తెలిసింది రాసినా. నాకు వేరేది లేదు."

"భయపడొద్దు. రెండింటిదాకా అతని ఫోను లాకర్లో ఉంటాది కదా. ఇప్పుడే బయల్దేరు. మా ఇంట్లో ఉందువు, మా అత్తమ్మ ఉండాది. మీ అన్నను అక్కడికే రమ్మందాం."

"పోయిన నెల సూపర్వైజరు అయినాడక్కా," అంది లావణ్య. "ఫోను చేతిలోనే ఉంటాది."

లావణ్య మంచం కింది నుంచి ఒక బట్టల సంచి లాగింది. అందులో సర్టిఫికెట్లు, పాప బర్త్ సర్టిఫికెట్, రెండు జతల బట్టలు ముందే సర్ది ఉన్నాయి. చెప్పులు వేసుకుని తాళం కూడా వేయకుండా నడిచింది. పాప జెస్సికాకు నాలుగేళ్లు. రెండు వీధుల అవతల నర్సరీ బడిలో ఉంటుంది, ఒంటిగంటన్నర దాకా.

బడి గేటు దగ్గర ఆయా వీళ్లను చూసి ఆశ్చర్యపోయింది.

"వాళ్ల నాన్న వచ్చి పిల్చుకోని పోయినాడు కదమ్మా, పదకొండున్నరకే. ఇంట్లో నీకు బాగలేదన్యాడు. ఇప్పుడు కొంచెం పర్వాలేదా?"

లావణ్య గేటు ఊచ పట్టుకుంది. అప్పుడే ఆమె ఫోను మోగింది. డానియల్. ఆమె ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అతని గొంతు పెద్దదేమీ కాదు గానీ పక్కనున్న ఎవాంజెలిన్‌కు ప్రతి మాటా వినబడింది.

"యాడుండావు? ఇంట్లోకి వస్తే తలుపు తెరిచే పెట్టినావు. మంచం కింద సంచి కూడా లేదు. పాపకి ఐస్‌క్రీం తినిపించినా, ఆడుకుంటాంది. రా, అన్నం తిందాం."

"వస్తాండా."

"టీచరక్క నీ దగ్గరే ఉండాదా? పక్కింటామె చెప్పె. ఆమెకు థ్యాంక్స్ చెప్పు. ఫారం బాగా పని చేస్తాందని చెప్పు."

ఫోను పెట్టాక లావణ్య ఏడవలేదు. సంచి ఎవాంజెలిన్ చేతికిచ్చింది. "ఇది నీ దగ్గర పెట్టుకోక్కా. సర్టిఫికెట్లు చూస్తే కాలుస్తాడు."

"నువ్వు పోవద్దు. పోలీస్ స్టేషనుకు పోదాం పద."

"పోయి ఏమని చెప్తావక్కా? తండ్రి బిడ్డను ఇంటికి తీసుకపోయినాడనా?"

"నీ మెడ చూపించు."

"చూపిస్తా. వాళ్లు రాసుకునేదాకా పాప ఎవరి దగ్గర ఉంటాది?"

"అయితే నేనూ నీతో ఇంట్లోకి వస్తా," అంది ఎవాంజెలిన్.

"ఎంతసేపు కూర్చుంటావు? నువ్వున్నంతసేపూ బాగానే ఉంటాడు. కాఫీ పెట్టమంటాడు. పాట పాడతాడు." లావణ్య చున్నీ సర్దుకుంది. "ఒక్క పని చెయ్. మా అన్నకు ఫోన్ చేసి గురువారం రావద్దని చెప్పు. నా ఫోన్ నుంచి చేస్తే ఈయన చూస్తాడు. అన్నను చూస్తే ఇంకా మండుతాది ఆయనకు."

నంబరు చెప్పింది. ఎవాంజెలిన్ రాసుకోగానే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే గబగబా నడిచింది.

ఎవాంజెలిన్ ఆమె వెనకే వఠారం గేటు దాకా వచ్చి, ఎదురుగా మూసి ఉన్న టైలరు కొట్టు మెట్టు మీద కూర్చుంది. చివరి ఇంటి తలుపు తెరుచుకుని మళ్లీ మూసుకోవడం చూసింది. అప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేసింది. లావణ్య అన్న జోయెల్ హిందూపురంలో ఆటో నడుపుతాడు. వెనక హారన్లు వినబడుతున్నాయి.

"గురువారం నిన్ను రావద్దని చెప్పమంది లావణ్య," అంది. "డానియల్‌కు తెలిసిపోయింది."

"ఎట్ల తెలిసింది? నాకూ దానికీ తప్ప ఇంకెవరికీ తెలీదు కదా. ఎవరు చెప్పినారు?"

"నేనే," అంది ఎవాంజెలిన్.

"నువ్వెవరు?"

చెప్పింది. ఫారం, ఐడీ, నకలు, తీయకుండా వదిలేసిన టిక్కు, బడి నుంచి పోయిన పాప. అతను అంతా విన్నాక, "వద్దనింది కదా, ఇప్పుడు నేనేం చేయాల?" అన్నాడు. తనకంటే పెద్దవాళ్లను అడిగినట్టు అడిగాడు.

"ఆమె వద్దనింది. అది నీకు చెప్పేసినా. ఇంక నా మాట చెప్తాండా. ఈ పొద్దే రా. ఇప్పుడే బయల్దేరు."

"మూడు గంటలు పడతాది."

"నేను ఇంటి ముందరే ఉండా."

ఆ తర్వాత పోలీసుల అత్యవసర నంబరు ఒకటి ఒకటి రెండు నొక్కింది. అవతలి ఆడ గొంతు కన్నడంలో అడ్రసు రాసుకుని, అక్కడ ఇప్పుడు ఏం జరుగుతోందని అడిగింది. అరుపులు వినబడుతున్నాయా? గొడవా? ఎవరికైనా దెబ్బ తగిలిందా? ఎవాంజెలిన్ చివరి ఇంటి వైపు చూసింది. ఏమీ వినబడటం లేదని నిజమే చెప్పింది. కొట్టే మనిషి ఇంట్లో ఉన్నాడని కూడా చెప్పింది. బీటు పోలీసులకు తెలియజేస్తామనీ, వాళ్లు వీలు చూసుకుని వస్తారనీ అంది ఆ గొంతు.

రెండూ పది అయింది. కొళాయి దగ్గర లావణ్య వదిలేసిన బట్టల బకెట్టు అలాగే ఉంది. పక్కింటామె బయటికి వచ్చి, మెట్టు మీది ఎవాంజెలిన్‌ను చూసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తర్వాత చివరి ఇంట్లో టీవీ మోగడం మొదలైంది. పిల్లల కార్టూను. సౌండు కొంచెం పెరిగింది. మళ్లీ పెరిగింది. వీధి దాకా వినబడేంతగా, లోపల ఎవరు అరిచినా వినబడనంతగా పెరిగింది.

ఎవాంజెలిన్ లేచింది. సంచిని మెట్టు మీద వదలకుండా భుజానికి తగిలించుకుని వరండా దాటి పోయి, చివరి ఇంటి తలుపు అరచేత్తో కొట్టింది. ఎవరూ పలకలేదు. ఆమె కొడుతూనే ఉంది.