మహేశ్వర్ సారు బండి

మహేశ్వర్ సారు దశదినకర్మ అయిన మర్నాడు మిర్యాలగూడలో ఆయన రైసుమిల్లు ముందరే సంతాపసభ పెట్టారు. కోదాడ నుంచి మమ్మల్ని ఆయన బండిలోనే తీసుకుపోయారు.

ఆ బండి మాకు కొత్త కాదు. సారు జడ్పీటీసీగా ఉన్నప్పుడు రోగుల కోసం కొన్న వ్యాను అది, పదవి పోయాక కూడా ఆపలేదు. నా బిడ్డ దీపకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు సూర్యాపేటలో డయాలసిస్ చేయించాలి. డ్రైవర్ సోమ్లా తెల్లారేసరికి మా గల్లీ మొదట్లో హారన్ కొడతాడు, పని అయ్యాక పడుకోబెట్టి తీసుకొస్తాడు. ఒకసారి బండి రిపేరుకు పోతే బస్సెక్కాం. చివ్వెంల దాటకముందే దీప కళ్లు తేలేసింది. అప్పటి నుంచి దాన్ని మళ్లీ బస్సెక్కించలేదు.

"సారు పోయిండు. ఇగ బండి నడుపుతరా, అమ్ముతరా?" అని దారి పొడుగునా సోమ్లాను అడుగుతూనే ఉన్నాను.

"నాకేం ఎరుకమ్మా. కొడుకు ముఖేష్ సారు కొత్త పెయింటు ఏపిచ్చిండు. అమ్మేటోడు గట్ల చేస్తడా?"

"అమ్మేటోళ్లే పెయింటు ఏపిస్తరు."

"మా అమ్మకు పెండ్లిపందిరి సూపిచ్చినా పాడె అంటది," అంది దీప వెనక సీట్లోంచి.

మిల్లు ముందర వెడల్పుగా సిమెంటు దిమ్మె కట్టి ఉంది. విగ్రహానికి కాబోలన్నాను.

"సారు సన్నగనే ఉండె గదనే. గింత దిమ్మె ఎందుకు, పండబెడ్తరా?"

నోరు మూసుకొమ్మని దీప తొడ మీద గిల్లాను.

సారు వేయించిన బోర్ల గురించి, కట్టించిన బడి గదుల గురించి పెద్దవాళ్లు మాట్లాడారు. తర్వాత నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నాను.

"సారు మాకు సుట్టం కాదు. అయినా నా బిడ్డను ఇన్నాళ్లు బతికిచ్చిండు. ముఖేష్ బాబూ, ఆ బండి ఆపకయ్యా. ఎల్లుండి మళ్ల పోవాలె మేము."

జనం చప్పట్లు కొట్టారు. ముఖేష్ మైకు తీసుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"నాన్నకు గుండెనొప్పి వస్తే గా బండిలనే తీస్కపోయిన. నా ఒళ్లోనే పాణం ఇడిసిండు. ఇగ దాన్ని వేరేటోళ్లు ఎక్కుతుంటే నేను సూడలేను. నాన్న గుర్తుగ గీడనే ఉంటది."

కిందికి దిగాక నా చేతులు పట్టుకొని, "ఇంకేదన్న సూద్దాం అమ్మా," అన్నాడు.

"ఎప్పుడయ్యా?"

"సూద్దాం."

సోమ్లా పలకల మీదుగా బండిని దిమ్మె పైకి ఎక్కించాడు. తాళంచెవి ముఖేష్‌కిచ్చి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నా చేతికి బంతిపూల దండ ఇచ్చి బండికి వేయమన్నారు. వేశాను. సారు మీద నాకేం కోపం? అద్దంలోంచి చూస్తే దీప దుప్పటి సీటు మీదే ఉంది. డయాలసిస్ అప్పుడు చలికి కప్పుకునేది.

"డోర్లకు తాళం ఏసిండ్రమ్మా," అన్నాడు సోమ్లా తలెత్తకుండా.

కోదాడ బస్సు నిండా జనం. దీప ఎడమచేతిని నా రొమ్ముకు ఆనించుకొని నిలబడ్డాను. ఆ చేతిలో డాక్టర్లు నరాలు కలిపి కుట్టిన చోట వేలు పెడితే లోపల సన్నగా ఝుమ్మంటుంది. ఎవరి మోచేయో తగిలి అది ఆగితే, డయాలసిస్‌కు సూది గుచ్చడానికి చోటుండదు.

"కొట్టుకుంటుందా?" అంది దీప.

"ఆఁ."

"ఎల్లుండికెట్లనే?"

ఈసారి నవ్వలేదు. నేను వేలు తీయలేదు. హుజూర్‌నగర్‌లో ఇంకా జనం ఎక్కారు.