నవ్వు ఏడ ఉంది

కల్లంలో ఎండుమిరపకాయల ఘాటు. తెల్లారక ముందే ముక్కుకు తగిలే ఘాటు... చలిగాలితో కలిసి.

ఆ చలిలోనే దానమ్మ మొగం సగం ఆగిపోయింది.

లేచి నోరు పుక్కిలిస్తే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయినాయి. ఎడమ కన్ను మూతపడలేదు. మూతి కుడికి లాక్కుపోయింది.

గిద్దలూరులో డాక్టరు చూసినాడు. మొగంలో నరం దెబ్బతినిందమ్మా, భయపడొద్దు అన్నాడు. చానామందికి మెల్లగా వస్తుంది... అందరికీ రాదు.

మొగుడు కరుణాకరం పండుకునే ముందు ఆ కంట్లో చుక్కలు వేసి, రెప్ప కిందికి దించి, పట్టీ అంటించినాడు. ప్రతి రోజూ అంతే.

దానమ్మంటే ఊళ్ళో నవ్వే.

కాయ కోతకు నడుం వంగినా నవ్వే. వాన మొగం చాటేసిన ఏడు కూడా నవ్వే. ఏంది దానమ్మా అంత సంతోషం అంటే, ఒకటే మాట—

"లోపల ప్రభువు ఉన్నాడు గదా. మొగం ఊరుకుంటుందా?"

ఇప్పుడు ఆ మాటే ఎదురు తిరిగింది.

మరిప్పుడు లోపల ఎవరున్నట్టు?

ఎవరూ అడగలేదు. ఆమే తన్ను తాను అడిగింది. చేలో కాయ కోస్తా అడిగింది, కొంగు మొగానికి అడ్డం లాక్కుని. ఆదివారం గుడికి పోలేదు. ఆ పై ఆదివారమూ పోలేదు.

వెంకాయమ్మ దగ్గరికీ పోలేదు.

ఆ చేను వెంకాయమ్మది. కొడుకు సురేష్ పోయిన ఎండాకాలం దోర్నాల రోడ్డు మీద బండి పడి చచ్చిపోయినాడు. ఆనాడు వేసుకున్న తలుపు ఆమె తీయలేదు. చుట్టాలు వచ్చినారు, ధైర్యం చెప్పినారు, పోయినారు. పనికి పోతా పోతా దానమ్మ మాత్రం ఆ వాకిలి మెట్టు మీద కాసేపు కూచునేది. బైబిలు వాక్యం చెప్పేది కాదు. ఊరికే కూచునేది.

ఒకనాడు తలుపు తెరుచుకుంది. అప్పటినుంచి ఆ మెట్టు మీద ఇద్దరు.

ఇప్పుడు మళ్ళా ఒకరే.

ఒక పొద్దున వెంకాయమ్మే కల్లానికి వచ్చింది. కొడుకు పోయినాక ఆ మెట్టు దిగడం అదే మొదలు.

"రాకుండా పోయినావేందే?"

"మొగం బాగలేదక్కా." మాట ముద్దగా వచ్చింది.

"నేను అడిగింది మొగాన్నా?"

కాయల రాశి పక్కన, నేల మీద కూచుంది. దానమ్మా కూచుంది. కొంగు మాత్రం తీయలేదు.

గాలి... కాయల గలగల.

తర్వాత వెంకాయమ్మ ఇన్నాళ్ళూ ఎత్తని పేరు ఎత్తింది.

"మా సురేష్ చిన్నప్పుడు ఇట్లాంటి రాశిలోనే దాక్కున్నాడు. ఒళ్ళంతా మంట. ఇంట్లో మజ్జిగంతా వాని ఒంటికే పూసినాం. ఏడుస్తా ఏడుస్తా ఏమన్నాడో తెలుసా... మజ్జిగ చాలదు, పెరుగు తెండి అన్నాడు."

దానమ్మ నవ్వింది.

ఆపుకోను చేతగాక నవ్వింది. కొంగు జారింది. సగం మొగం పైకి లేచింది, సగం కదల్లేదు. మూతపడని కంట్లోంచి నీళ్ళు చెంప మీదికి దిగినాయి.

వెంకాయమ్మ ఆ మొగాన్నే చూస్తా ఉంది. చూస్తా చూస్తా తనూ నవ్వింది. నవ్వుతానే ఏడ్చింది. దానమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది, అట్లనే ఉంచింది.

ఎండ కల్లంలోకి వచ్చినాక వెంకాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నీ నవ్వు ఏడికీ పోలేదే."

దానమ్మ చెంప తడుముకుంది. మొద్దుబారిన చెంప.

"ఏడ ఉందక్కా?"

"ఏడ ఉందో నాకు చెప్పను రాదు. ఉంది."

ఆదివారం గుడిలో దానమ్మ ఆడోళ్ళ ముందు వరసలో, చాప మీద కూచుంది. కొంగు భుజం మీదనే ఉంది. చూసేవాళ్ళు చూసినారు.

పాట ఎత్తుకున్నారు.

ప్రభువా — అనబోయింది. పెదవులు కలవలేదు. కలిస్తేనే గదా ఆ అక్షరం పలికేది. గాలి పోయింది... ఉత్త గాలి.

అవతలి వరసలోంచి కరుణాకరం తల తిప్పి చూసినాడు.

ఆమె ఆపలేదు. మళ్ళా ఆ మాట వచ్చే చోట ఇంకా గట్టిగా ఎత్తుకుంది.

మాట సగమే వచ్చింది.

ఆ సగంతోనే పిలిచింది.