రెండుసార్లు పడ్డ వాటా

తెనాలిలో కూర్చుని అమెరికావాళ్ల పన్ను లెక్కలు కడతారంటే రేపల్లెలో సగంమంది నమ్మలేదు. నమ్మిన సగంమందేమో షాహీనాకి జీతం డాలర్లలో వస్తుందనుకున్నారు. వచ్చేది నెలకి మూడువేల ఎనిమిది వందలు. అందులో రైలు పాసు పోను మిగిలిందే ఆమెది.

2008 నాటి సంగతి ఇది. ఆఫీసంటే పెద్ద హంగేమీ లేదు. చెప్పుల కొట్టు మీద రెండు గదులు, ఆరు కంప్యూటర్లు, కరెంటు పోతే కుయ్యోమనే ఇన్వర్టరు. యజమాని పాండురంగారావు ఒకప్పుడు ఆడిటర్ దగ్గర గుమాస్తా. అమెరికాలో ఎవరో తీసుకున్న పని చేతులు మారి మారి ఆయన దాకా వచ్చేది. అక్కడి ఉద్యోగుల జీతం కాగితాలు చూసి అంకెలు సాఫ్ట్‌వేర్‌లో కొట్టడం షాహీనా పని. వాటిని సరిచూసి, తన పాస్‌వర్డుతో తాళం వేయడం సరోజిని గారి పని. తాళం పడిన ఫైళ్లు సాయంత్రం ఆరింటికి అమెరికా వెళ్లిపోతాయి.

ఆఫీసులో ఎర్ర అట్ట పుస్తకం ఒకటుండేది. ఎవరు ఏ తప్పు చేసినా అందులోకి ఎక్కేది. సీజనులో మూడు దాటితే వచ్చే ఏడు పిలుపు రాదు. ఈసారి ఇద్దరిని పర్మినెంట్ చేస్తానని పాండురంగారావు మాటిచ్చాడు. పుస్తకంలో షాహీనా పేరు ఒక్కసారే ఉంది. ఆ ఉద్యోగం మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. అది పోతే మళ్లీ నాన్న టైలరింగ్ కొట్లో కాజాలు కుట్టుకుంటూ కూర్చోవాలి. బి.కాం చదివింది అందుకా?

ఏప్రిల్ రెండో వారంలో ఒక సాయంత్రం ఆ కొట్లోనే కూర్చుని, నాన్నకి చూపు ఆనడం లేదని జాకెట్లకి హుక్కులు కుట్టిపెడుతూ కబుర్లు చెబుతోంది.

“అక్కడ వైద్యానికని విడిగా ఓ ఖాతా ఉంటుంది నాన్నా. అందులో దాచుకున్నదానికి పన్నుండదు. ఏడాదికి ఇంతని హద్దుంటుంది, అది దాటితే జరిమానా. ఒకావిడ స్కూలు బస్సు తోలుతుంది. నలభై అయిదు డాలర్లు పడింది పాపం.”

తండ్రి సైదావలి మిషను ఆపాడు. “రోగానికని దాచుకుంటే జరిమానా ఏంటే! అయినా బస్సు తోలే మనిషికి హద్దు దాటేంత డబ్బు ఎక్కడిదంటా?”

షాహీనా నవ్వేసింది గానీ ఆ మాట ఆమెని వదల్లేదు. పొద్దున రైల్లో భట్టిప్రోలు దాటేసరికి ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ ఖాతా ఉన్న ఫైళ్లు ఈ వారమే మొదటిసారి వచ్చాయి, అన్నీ తన బల్లకే వచ్చాయి. వాటిలో జరిమానా పడింది బస్సావిడ ఒక్కదానికే కాదు.

ఆఫీసుకి వెళ్లగానే బస్సావిడ కాగితం తీసింది. పన్నెండో గడిలో డబ్ల్యూ అక్షరం పక్కన పద్దెనిమిది వందలు. అంతే, ఇంకెక్కడా ఏమీ లేదు. స్క్రీను మీద మాత్రం కంపెనీ ద్వారా పద్దెనిమిది వందలు, ఉద్యోగి స్వయంగా పద్దెనిమిది వందలు; రెండూ కలిసి హద్దు దాటాయి. ఈ రెండోది ఎక్కడినుంచి వచ్చింది?

తన బుర్రలోంచి వచ్చింది. “మన పీఎఫ్ లాగే అమ్మాయ్. యజమాని వాటా ఎంతో ఉద్యోగి వాటా అంతే,” అని మొదటి రోజు సరోజిని గారు చెప్పారు. ఆవిడ బాపట్లలో ముప్ఫయ్యేళ్లు ఒక మిల్లు పీఎఫ్ లెక్కలు రాసిన మనిషి. షాహీనా కూడా పొన్నూరు రైసుమిల్లులో ఏడాది ఆ లెక్కలే రాసింది. పీఎఫ్ రాసి రాసి అరిగిన చేతులకి అనుమానం ఎలా వస్తుంది? సాఫ్ట్‌వేర్‌లో సహాయం పేజీ తెరిచి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. డబ్ల్యూ పక్కన ఉన్న అంకెలోనే ఉద్యోగి జీతంలోంచి పట్టుకున్నదీ కలిసి ఉంటుందట. మనిషి బయటినుంచి విడిగా కడితే తప్ప రెండో గడి ఖాళీగా ఉండాలట.

మిగతా కాగితాలూ తీసింది. లెక్కపెడితే నలభై ఒక్క ఫైళ్లు. కొందరికి లేని జరిమానా, మిగతావాళ్లకి పన్నులో రాకూడని తగ్గింపు. అన్నిటికీ తాళం పడింది. సాయంత్రం ఆరింటికి ప్రయాణం.

పక్క బల్ల హర్ష గొంతు తగ్గించి చెప్పాడు. “మేడం తాళం వేశాక ఇంక మనకేం సంబంధం? అక్కడివాళ్లు చూసుకుంటార్లే. నోరు మూసుకుని కూర్చో అక్కా, పర్మినెంట్ పోగొట్టుకుంటావు.”

ఒక్క క్షణం ఆ సలహా షాహీనాకి కమ్మగానే వినిపించింది. అబద్ధమెందుకు, రెండు క్షణాలు. తర్వాత బస్సావిడ గుర్తొచ్చింది.

పాండురంగారావు బ్యాంకు పని మీద గుంటూరు వెళ్లాడు. సరోజిని గారు చెల్లెలి గృహప్రవేశమని బాపట్లలో ఉన్నారు. తొమ్మిదిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. “ఆ నలభై ఒక్క కాగితాలూ వరసగా పేర్చిపెట్టు, ఆ సాయమైనా చెయ్యి,” అని హర్షకి చెప్పి షాహీనా స్టేషనుకి పరుగెత్తింది.

బాపట్లలో షామియానా వెతుక్కుంటూ వెళ్లేసరికి రెండో బంతి నడుస్తోంది. సరోజిని గారు పట్టుచీరలో, విస్తరి ముందు, పులిహోర మొదలుపెట్టి ఉన్నారు.

“నువ్వేంటమ్మా ఇక్కడ? రా, కూర్చో, ముందు భోంచెయ్యి.”

షాహీనా పక్కన గొంతుక్కూర్చుని చెవిలో అంతా చెప్పింది. ఆవిడ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

“పీఎఫ్ లాగే అని నేనే చెప్పాను కదూ?”

“అవునండి.”

షాహీనాకి భయమేసింది. నేనలా అనలేదే అంటే తన దగ్గర సాక్ష్యమేముంది? ఆవిడ లేచి నిలబడ్డారు.

“అక్కా! బంతి మధ్యలో లేస్తావా? శుభమా అని ఇల్లు కట్టుకుంటే!” అంది చెల్లెలు ప్రమీల, వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని.

“నలభై ఒక్కమంది విస్తట్లో మట్టి కొట్టానే. ఇప్పుడు తిన్నా నాకు గొంతు దిగదు. ఈ పిల్లకి నాలుగు బూరెలు కట్టివ్వు, పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు.”

మూడున్నరకి ఇద్దరూ తెనాలి ఆఫీసులో ఉన్నారు. పట్టుచీర కొంగు నడుముకి దోపి సరోజిని గారు ఒక్కో ఫైలు తాళం తీస్తుంటే, షాహీనా కాగితం చూసి రెండో గడి చెరిపేసింది. ఆవిడ మళ్లీ చూసి మళ్లీ తాళం వేశారు. బస్సావిడ ఫైల్లో నలభై అయిదు పోయి సున్నా వచ్చినప్పుడు షాహీనా కళ్లు చెమర్చాయి. ఆ సున్నా అంత అందంగా ఆమెకి ఏ అంకే కనిపించలేదు. ఇద్దరికి మాత్రం రెండో గడిలో వేరే అంకె ఉండాలి, వాళ్లు విడిగా కట్టిన రసీదులున్నాయి. అందులో ఒక రసీదు హర్షే వెతికి పట్టుకున్నాడు. అయిదూ నలభైకి అన్నీ అయ్యాయి.

అప్పుడు షాహీనా ఎర్ర పుస్తకం తీసింది. తన పేరు కింద నలభై ఒక్క ఫైళ్ల నంబర్లూ రాసింది. సరోజిని గారు కలం తీసుకుని దాని కింద, ‘నేర్పింది నేను, చూడకుండా తాళం వేసింది నేను’ అని రాసి సంతకం పెట్టారు.

అంతలోనే పాండురంగారావు వచ్చాడు. చదివాడు. ముఖం గంటు పెట్టుకుని వెనక పేజీలు తిప్పాడు, ముందు పేజీలు తిప్పాడు.

“మూడు దాటితే ఏంటో తెలుసుగా?”

“తెలుసండి,” అంది షాహీనా.

“నాలుగేళ్ల పుస్తకమిది. ఇందులో ప్రతివాడి తప్పూ పక్కవాడే రాశాడు. తన తప్పు తాను రాసుకున్నవాళ్లు ఇవాళే కనపడ్డారు.” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “రూలు రూలే. వచ్చే ఏడు నిన్ను అంకెలు కొట్టడానికి పిలవను.”

షాహీనా తల వంచుకుంది.

“రేపట్నుంచి సరోజిని గారి పక్కన కూర్చుని ఫైళ్లు చూడు. వచ్చే ఏడూ అదే నీ పని. మీరిద్దరూ ఒప్పుకుంటే గానీ తాళం పడకూడదు. పర్మినెంట్ కాగితం సీజను అయ్యాక ఇస్తాను. ఇంక ఆ ఫైళ్లు పంపండి, ఆరవుతోంది.”

చీకటి పడ్డాక రేపల్లె చేరి, మిగిలిన రెండు బూరెలూ కొట్లో నాన్న ముందు పెట్టింది షాహీనా.

“బస్సావిడకి జరిమానా లేదు నాన్నా. నువ్వడిగిన మాటతోనే తప్పు దొరికింది.”

సైదావలి బూరె కొరికి నింపాదిగా నమిలాడు. “అంటే, అమెరికా లెక్క నేను దిద్దానన్నమాట.”

మర్నాటినుంచి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఈ సంగతి చెప్పాడు. రేపల్లెలో సగంమంది నమ్మలేదు.