టీ, బిళ్ల

2003 ఏప్రిల్ 8, మంగళవారం. ఉదయం ఆరూ పదికి నసీమున్నీసా ఆ రోజు మొదటి బిళ్ల వేసుకుంది.

సుభానీ బడ్డీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, బిళ్ల నాలుక మీద పెట్టుకుని, దాని మీద టీ తాగింది. ఆమెకు నీళ్లతో వేసుకునే అలవాటు లేదు. గుంటూరు మిర్చి యార్డులో గోతాలు కుట్టే ఆడవాళ్లెవరికీ లేదు. పొద్దున్నే వచ్చి "టీ, బిళ్ల" అంటారు. సుభానీ గ్లాసులో టీ పోసి, షీటులోంచి ఒక బిళ్లను కత్తెరతో కత్తిరించి గ్లాసు పక్కన పెడతాడు. అది గులాబీ రంగులో ఉంటుంది. దాని పేరు షీటు వెనక ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"రేపట్నుంచి నాకో గిరాకీ పోయినట్టేగా నసీమక్కా," అన్నాడు సుభానీ.

"ఏం, చీరాల్లో టీ దొరకదా?"

"దొరుకుద్ది. ఇట్టాంటిది దొరకదు."

"అది నిజవే. ఇంత నీళ్ల టీ ఇంకెక్కడా దొరకదు."

బల్ల మీద ఉన్న హమాలీలు నవ్వారు. నసీమున్నీసా లేచింది. చెయ్యి దేనికీ ఆనించలేదు. మూడు నెలల కిందట అలా లేవడం ఆమెకు చేతనయ్యేది కాదు.

ఆమెకు యాభై ఒక్కేళ్లు. వెంకటనారాయణ కమీషన్ కొట్టు వెనక రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా చిరిగిన గోతాలకు అతుకులు వేస్తోంది. ఎడమకాలు చాపి, కుడిమోకాలు పైకెత్తి, ఆ మోకాలి మీద గోతాం పరుచుకుంటుంది. దబ్బనంలో పురికొస ఎక్కించి, బొటనవేలితో తోస్తుంది. వేలికి సైకిలు ట్యూబు ముక్క చుట్టుకుంటుంది. అయినా ఆ వేలి మొదలు ఉసిరికాయంత లావున ఉబ్బింది. మణికట్టు పక్కకు తిరిగింది. కుడిభుజం ఎడమదాని కంటే కిందికి ఉంటుంది. జాకెట్లు కుట్టే మనిషి ఆ సంగతి కొలతల్లో రాసుకుంటాడు.

మొదటి బిళ్ల తెచ్చింది ఆమె భర్త హయాత్. 1989లో ఒక రాత్రి వేలు వాచి నిద్ర పట్టకపోతే మూల కొట్లో అడిగి తెచ్చాడు. అరగంటలో నొప్పి తీసేసినట్టు పోయింది. మర్నాడు ఆమె అందరికంటే ఎక్కువ గోతాలు కుట్టింది. తర్వాత వారానికి రెండు, ఆ తర్వాత రోజుకొకటి, హయాత్ చనిపోయిన ఏడాదికి రోజుకు మూడు. బొడ్లో సంచిలో ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. షెడ్డులో ఎవరికి నడుము పట్టినా ఆమెనే అడిగేవాళ్లు. ఆమె తమలపాకు ఇచ్చినట్టు ఇచ్చేది. ఒక్కటే ఉంటే సగం విరిచి ఇచ్చేది.

ఆ రోజు కుట్టాల్సిన గోతాలు అరవై. మధ్యాహ్నానికి అవి పూర్తి చేసి, రెండూ నలభై బస్సుకు చీరాల వెళ్లాలి. షిరీన్ ఇంటికి. మళ్లీ తిరిగి రాకుండా.

షిరీన్ ఆమె చెల్లెలు సైదా మూడో కూతురు. సైదాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు, పది నెలల పిల్లను నసీమున్నీసా గుంటూరు తెచ్చుకుంది. ఆమెకు పిల్లలు లేరు. షిరీన్‌కు మాట వచ్చాక ఆమెను అమ్మా అనే పిలిచింది. ఈ షెడ్డులోనే గోతాల మీద నిద్రపోయేది. మిరప దుమ్ముకు తుమ్ముతూ లేచేది. తొమ్మిదేళ్లు నిండాక సైదా చీరాల నుంచి వచ్చి, పెద్దపిల్లలిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, ఇంట్లో తోడు లేదు, పిల్లను పంపమంది.

"నీ బిడ్డేగా, తీసుకుపో," అంది నసీమున్నీసా. బస్టాండుకు తనే మోసుకెళ్లింది. తొమ్మిదేళ్ల పిల్లను ఎవరూ మోయరు. ఆ రోజు మోసింది.

తర్వాత షిరీన్ ఎప్పుడు కనపడినా పెద్దమ్మా అనేది. సైదా అలా నేర్పింది. అందులో తప్పేమీ లేదు, వరస అదే. పండక్కి వస్తే ఒక పూట ఉండేది. రాత్రుళ్లు నసీమున్నీసా గదిలో ఒక పక్కకు జరిగి, రెండోవైపు చోటు వదిలి పడుకునేది. హయాత్ పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. అది ఎవరికోసం వదిలిన చోటో ఆమెకు తెలుసు.

రెండేళ్ల కిందట షిరీన్‌కు చీరాలలోనే ఆటో నడిపే గౌస్ బాషాతో పెళ్లయింది. నిరుడు సైదా చనిపోయింది. ఈ జనవరిలో దంపతులిద్దరూ గుంటూరులో ఏదో పెళ్లికి వచ్చి, ఆమె గదికి వచ్చారు. టీ పెడదామని నసీమున్నీసా లేచింది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నేలకు ఆనించి, మూడు అంచెలుగా లేచింది. షిరీన్ చూసింది. గౌస్ బాషా కూడా చూశాడు.

వెళ్లేటప్పుడు వాకిట్లో అతను షిరీన్‌తో నెమ్మదిగా అన్న మాట తలుపు వెనక నుంచి ఆమెకు వినపడింది. "మీ పెద్దమ్మకి మోకాళ్లు బాగా పోయినయ్యే. మనింట్లో ఎట్టా?"

షిరీన్ ఏదో చెప్పింది. అప్పుడే వీధి కుళాయికి నీళ్లొచ్చాయి. బిందెల చప్పుడులో ఆ జవాబు వినపడలేదు.

వారం తర్వాత షిరీన్ సుభానీ కొట్టుకు ఫోన్ చేసింది. "ఇంకెన్నాళ్లు కుడతావు పెద్దమ్మా ఆ గోతాలు? మా ఇంటికొచ్చెయ్. మాతోనే ఉండు."

పదమూడేళ్లుగా ఆ మాట కోసం చూసిన మనిషి, "సీజను కానియ్యమ్మా, వస్తా," అని ఫోన్ పెట్టేసింది. గోడ పట్టుకుని లేచే మనిషిగా ఆ గడప తొక్కకూడదనుకుంది. చేతనైన మనిషిగా వెళ్లాలి. అంట్లు తోమాలి, నీళ్లు పట్టాలి, రేపు పిల్లలు పుడితే ఎత్తుకోవాలి. మూడు బిళ్లలు ఆరయ్యాయి. ఫిబ్రవరి చివరికి ఒక చెయ్యి ఆనిస్తే చాలింది. ఏప్రిల్ మొదటి వారంలో ఏదీ పట్టుకోకుండా లేచింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, మంగళవారం వస్తానంది.

కడుపులో మంట కూడా ఫిబ్రవరిలోనే మొదలైంది. మిర్చి యార్డులో కడుపు మంట అంటే ఎవరూ తల తిప్పి చూడరు. అక్కడ గాలే కారం. కళ్లు మండుతాయి, ముక్కు మండుతుంది, కడుపు మండడం వాటితో పాటే అనుకుంటారు. అందరూ మజ్జిగ తాగుతారు. ఆమె కూడా తాగింది. కూరలో కారం వేయడం మానేసింది. నాలుగు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోంది. అది ఎవరికీ చెప్పలేదు. అలాంటివి చెప్పుకునేవి కావు.

పదకొండు దాటాక, నలభై మూడో గోతాం మధ్యలో, ఆమె దబ్బనం కింద పెట్టి షెడ్డు వెనక్కి వెళ్లింది. పక్కన కుట్టే జయకుమారి ఆమె వెనకే వెళ్లింది. నసీమున్నీసా గోడవార కూర్చుని వాంతి చేసుకుంటోంది. కాఫీపొడి కలిపిన నీళ్లలా ఉంది.

"ఇదేందక్కా ఈ రంగు?"

"పొద్దుటి టీ."

"సుభానీ టీకి అంత రంగెక్కడిది? లే, డాక్టరు దగ్గరికి పోదాం పా."

యార్డు గేటు ఎదురుగా ఒక డాక్టరు ఉన్నాడు. చదువు ముగించి వచ్చి ఏడాది. నాడి చూశాడు. కింది రెప్ప లాగి చూశాడు.

"వాంతులేమన్నా అయ్యాయా అమ్మా?"

నసీమున్నీసా జయకుమారి వైపు ఒకసారి చూసింది. "లేదండి. కళ్లు తిరిగినయ్యి. కడుపులో మంట."

"మందులేమన్నా వాడుతున్నారా? బీపీకి, షుగరుకి, ఇంక దేనికైనా?"

"ఏ మందులూ వాడనండి."

వాంతి సంగతి అబద్ధమని ఆమెకు తెలుసు. ఇది అబద్ధమని ఆమెకు తోచలేదు. మందు అంటే డాక్టరు చీటీ మీద రాసేది, జబ్బుకు వాడేది. జయకుమారి కూడా, "అక్క గట్టి మనిషండి. ఆస్పత్రి మొహం చూళ్లేదు," అంది. ఆమె కూడా పొద్దున టీతో ఒక బిళ్ల వేసుకునే వచ్చింది.

"రక్తం బాగా తక్కువగా ఉంది. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లండి. రాసిస్తాను," అన్నాడు డాక్టరు.

"రేపు పోతానండి."

"రేపు కాదమ్మా. ఇవాళే."

"అట్టాగేనండి."

రోడ్డు మీదికి వచ్చాక జయకుమారి ఆటో పిలవబోయింది. నసీమున్నీసా ఆ చెయ్యి పట్టుకుని దించింది.

"పోతే పడుకోబెడతారు జయా. పిల్ల బస్టాండులో చూస్తా నిలబడుద్ది."

"చీరాల యాడికి పోద్దక్కా? రేపు పోవచ్చుగా."

"పదమూడేళ్లు రేపేగా అనుకున్నా."

మిగిలిన పద్దెనిమిది గోతాలూ తను కుడతానంది జయకుమారి. నసీమున్నీసా ఒప్పుకోలేదు. ఒంటిగంటన్నరకు అరవయ్యోది ముడి వేసి, పురికొస పంటితో కొరికి, గోతాం మడత పెట్టింది. షెడ్డులో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఒకామె, "సముద్రం చూసి మమ్మల్ని మర్చిపోమాక," అంది. "సముద్రం దగ్గిర మీ అంత గోల ఉంటదా ఏంది, మర్చిపోవడానికి?" అంది నసీమున్నీసా.

సుభానీ ఈసారి కత్తెర తీయలేదు. ఒక షీటు మొత్తం, పది బిళ్లలు, కాగితంలో చుట్టి ఇచ్చాడు. డబ్బులు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దారికి ఉంచుకో అక్కా. నీ చేత్తో ఎంతమందికి ఇచ్చావో."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. యార్డులో అది ఎవరూ పట్టించుకోని విషయం.

చీరాల బస్సు రెండూ నలభైకి కదిలింది. ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో సంచి ఉంది. అందులో నాలుగు చీరలు, పండుమిరపకాయ పచ్చడి సీసా, డాక్టరు రాసిచ్చిన చీటీ ఉన్నాయి. పక్కన అఖిల అనే అమ్మాయి కూర్చుంది, బాపట్లలో చదువుకుంటోంది. దారిలో జరిగింది చూసింది ఆ అమ్మాయి ఒక్కతే.

పొన్నూరు వరకు నసీమున్నీసా బస్సు దిగడం గురించే ఆలోచించింది. బస్సు మెట్టుకీ నేలకీ మధ్య జానెడున్నర ఎత్తు ఉంటుంది. గౌస్ బాషా కింద నిలబడి ఉంటాడు. సంచి ఎడమచేతిలో ఉండాలి. కుడిచెయ్యి కడ్డీ మీద ఊరికే ఉన్నట్టు ఉండాలి. ముందు కుడికాలు. మొహం మామూలుగా ఉండాలి. చెయ్యి అందించబోతే సంచి అందించాలి.

పొన్నూరు దాటాక కాగితం విప్పి రెండు బిళ్లలు తీసుకుని, ఒకదాని వెంట ఒకటి మింగింది. టీ లేదు కనుక గొంతులో ఆగాయి. అఖిల తన నీళ్ల సీసా ఇచ్చింది.

"చెమటలు పడుతున్నాయి మామ్మగారూ. ఒంట్లో బాగాలేదా?"

"ఎండకమ్మా."

"ఎవరింటికి వెళ్తున్నారు?"

నసీమున్నీసా నీళ్ల సీసా మూత బిగించి ఇచ్చింది. "మా అమ్మాయింటికి," అంది. మళ్లీ అంది, "మా అమ్మాయి ఉండిపొమ్మంది."

బాపట్లలో అఖిల దిగింది. దిగేటప్పుడు వెళ్లొస్తానని చెబితే, ఆమె కళ్లు మూసుకునే తలూపింది. అప్పటికి నాలుగూ ఇరవై.

బస్సు ఐదింటికి చీరాల బస్టాండులో ఆగింది. అందరూ దిగారు. కండక్టరు టిక్కెట్ల పెట్టె సర్దుకుని, "అమ్మా, చీరాల," అన్నాడు. మళ్లీ పిలిచాడు. దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. కింద నిలబడిన గౌస్ బాషా కిటికీలోంచి ఆమెను చూసి పైకెక్కాడు. అతనూ కండక్టరూ కలిసి ఆమెను దించారు. షిరీన్ ఆటోలో ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టరు, తీసుకువచ్చేసరికే ప్రాణం పోయిందని చెప్పాడు. పాత జబ్బులేమైనా ఉన్నాయా, మందులేమైనా వాడేవారా అని అడిగాడు.

"ఏ మందులూ వాడేది కాదండి," అన్నాడు గౌస్ బాషా.

నర్సు బొడ్లో సంచి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు షీటు పైకెత్తి చూపించాడు. "మరి ఇవి?"

"అవి మందులు కాదండి," అంది షిరీన్. "నొప్పి బిళ్లలు."

"రోజుకి ఎన్ని వేసుకునేవారు?"

వాళ్లిద్దరికీ తెలియదు.

జనాజా మర్నాడు పది గంటలకు వెళ్లింది. షిరీన్ ఇంటి వరండాలో, ఎండ పడని మూల, కొత్త నవారు అల్లిన మంచం ఉంది. జనవరిలో గుంటూరు నుంచి తిరిగి వచ్చిన మర్నాడు గౌస్ బాషా ఆటోలో ఎనిమిది ఇటుకలు తెచ్చాడు. మోకాళ్లు ఎక్కువ వంచకుండా కూర్చుని లేవడానికి ఎంత ఎత్తు కావాలో షిరీన్ తను కూర్చుని, లేచి చూసి చెప్పింది. మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు ఉన్నాయి.