తోక తెగిన పేరు

షాలేం రాజుకు జ్వరం వచ్చినప్పుడు పర్సిస్ ఇచ్చిన కోడికూర ఏనాడో అరిగిపోయింది. ఆ కూర వచ్చిన స్టీలు డబ్బా మాత్రం నెలల తరబడి అతని భోజనాల బల్ల మీదే ఉండిపోయింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు 'కృపావరం'. పర్సిస్ వాళ్ళమ్మగారిది. బాపట్ల నుంచి అమెరికాలోని మోరిస్‌విల్ దాకా వచ్చిన డబ్బా.

కడిగి ఇచ్చేస్తే సరిపోయేది. కానీ ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని, గుప్పెడు పంచదారైనా వేసివ్వాలని రాజుకు తల్లి నేర్పిన పాఠం. పంచదార వేస్తే మొక్కుబడిగా ఉంటుంది. స్వీట్లు పెడితే ఏం శుభవార్త అంటారు. కూర వండిద్దామంటే, తను వండింది తనకే మింగుడు పడదు. ఇన్ని చిక్కుల వెనక అసలు చిక్కు ఒకటుంది. డబ్బా ఇచ్చేస్తే, చర్చి క్వయర్ ముందు వరసలో నిలబడే ఆ అమ్మాయితో మాట్లాడడానికి మరో వంక ఉండదు. అతని మనసుకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసినా అతనికి చెప్పకుండా, పంచదార గురించే ఆలోచిస్తూ కూర్చోమంది.

ఖాళీ డబ్బాలు వెనక్కి వెళ్ళే పద్ధతి మీదే అతని ఉద్యోగం కావడం ఇందులో విడ్డూరం. మన కణాల్లో సరుకులు చిన్న చిన్న తిత్తుల్లో ప్రయాణిస్తాయి. సరుకు దింపి ఖాళీ అయిన మోత ప్రోటీన్‌ను, రెట్రోమర్ అనే ప్రోటీన్ల జట్టు పట్టుకుని, ఇంకో తిత్తిలోకెక్కించి, బయల్దేరిన చోటికి పంపిస్తుంది. పంపకపోతే అది కణంలోని చెత్తకుండీలో పడి కరిగిపోతుంది. దేన్ని వెనక్కి పంపాలన్నది ఆ ప్రోటీన్ తోకలో ఉండే గుర్తును బట్టి తేలుతుంది. తోకలో ఒక్క అక్షరం మారినా మోత దారి తప్పుతుందని రాజు ఏళ్ళుగా నిరూపిస్తున్నాడు. ప్రోటీన్లు ఖాళీగా వెళ్ళడానికి మొహమాటపడవు. అది చూసి అతనికి లోలోపల అసూయ కూడా.

ఇంతలో ఆదివారం ఆరాధనలో ప్రకటన వచ్చింది. పర్సిస్‌కు దేశానికి అవతలి కొసన శాన్ రామన్‌లో ఉద్యోగం దొరికింది, నెలాఖరుకు వెళ్ళిపోతోంది, ప్రార్థించండి.

మర్నాడు రాజు ఆ పరధ్యానంలో చేతికందిన డబ్బాలోనే పులిహోర పెట్టుకుని లాబ్‌కి వెళ్ళాడు. లంచ్ రూమ్‌లో ఫ్రిజ్ పాడైతే, శాంపిల్స్ ఉంచే కోల్డ్ రూమ్‌లో పెట్టాడు. గంట తర్వాత చూస్తే డబ్బా చుట్టూ పసుపుపచ్చ హెచ్చరిక టేపు. పక్కనే నైనిక. అమెరికాలో పుట్టిన పిల్ల, లాబ్ సేఫ్టీ ఆమె చేతిలోనే.

"రాజుగారూ, ఇది ఇంక ఇంటికి వెళ్ళదు."

"అది నా లంచ్ బాక్స్, నైనికా."

"కోల్డ్ రూమ్‌లో పెట్టారు కదా. ఫుడ్‌కి నెవర్."

"లోపల పులిహోరే ఉంది."

"ఉంది. బట్ ఇప్పుడు అది శాంపిల్."

రాజు సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో కొత్త స్టీలు డబ్బా కొన్నాడు. లాబ్ సామాన్ల మీద గుర్తులు వేసే బ్యాటరీ చెక్కుడు పెన్ను అడిగి తెచ్చుకున్నాడు. పర్సిస్ తల్లి పేరు మళ్ళీ చెక్కితే దొంగ సంతకంలా ఉంటుంది. ఉన్నదున్నట్టు, ఎవరికి, ఎవరి నుంచి అని రాద్దామనుకున్నాడు. మూత మీద 'పర్సిస్' అని చెక్కి ఆగాడు. 'కు' వేయాలా, 'కి' వేయాలా? 'కు' అంటే ఆఫీసు ఉత్తరంలా ఉంది. 'కి' అంటే మరీ చనువు తీసుకున్నట్టుంది. తర్వాత తేల్చుకుందామని కాస్త చోటు వదిలి, కింద తన పేరు చెక్కాడు. ఆ తర్వాత సున్నుండల పాకం పట్టుకుంది అతన్ని. సున్నుండలకు పాకం అక్కర్లేదని, అవి రాళ్ళయి డబ్బాలోకి చేరాక తెలిసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో భోజనాల బల్ల మీద డబ్బా పెట్టి, పర్సిస్ ఎటు ఉందా అని చూస్తున్నాడు. వడ్డనకు నిలబడ్డ కరుణమ్మ ఆంటీ మూత తీయబోయి, కళ్ళజోడు సర్దుకుని, హాలంతా వినబడేలా చదివింది.

"పర్సిస్, షాలేం రాజు. దేవునికి స్తోత్రం. ప్రధానం ఎప్పుడు చేసుకున్నారయ్యా? మాకు కబురైనా లేదు, గిన్నెల మీద పేర్లు కూడా కొట్టించేశారు."

వడ్డించేవాళ్ళు గరిటెలతో సహా ఇటు తిరిగారు.

"అందులో 'కు' లేదాంటీ," అన్నాడు రాజు.

"ఏ కు?"

"పర్సిస్ పక్కన ఉండాల్సింది. పోయింది."

"ఎక్కడికి పోయింది నాయనా?"

అతని బ్యాగులో చెక్కుడు పెన్ను ఉంది. రేపు లాబ్‌లో ఇచ్చేయడం మరవకూడదని ముందే అందులో పడేశాడు. గబగబా తీసి, మూత అందుకున్నాడు. ఈలోగా పర్సిస్ వచ్చి నిలబడింది. మూత చదివింది. అతని మొహం చూసింది.

"మా అమ్మ డబ్బా ఏదండీ?"

"శాంపిల్ అయిపోయిందండి."

పర్సిస్ ఏమీ అర్థం కాకపోయినా తల ఊపింది. ఒక సున్నుండ తీసి కొరకబోయింది. పళ్ళు దిగలేదు. గౌరవంగా ప్లేటు అంచున పెట్టింది.

"నేను దీన్ని శాన్ రామన్ తీసుకెళ్తే ఖాళీగా పంపలేను కదా. మళ్ళీ ఏదో వండి పంపాలి, మీరు మళ్ళీ ఏదో పంపాలి. ఎప్పటికి తెములుతుంది ఇది?"

రాజుకు రెట్రోమర్ గుర్తొచ్చింది. తెమలదు. కణం బతికున్నంత కాలం తెమలదు. అది చెప్పబోయి, ఇది లాబ్ మీటింగ్ కాదని గుర్తొచ్చి మానుకున్నాడు.

"సారీ అండి. ఒక్క నిమిషం, ఇప్పుడే వేసేస్తాను," అంటూ పెన్ను నొక్కాడు. అది జుయ్‌మంది.

"ఏం వేస్తారు? 'కు' నా, 'కి' నా?"

"అదే తేలట్లేదండి. అందుకే వదిలేశాను."

పర్సిస్ మూత మీద అరచెయ్యి ఆనించింది.

"అయితే తేలాకే వేయండి. అందాకా అలాగే ఉండనివ్వండి," అని డబ్బా మూత బిగించి చంకన పెట్టుకుంది.

కరుణమ్మ ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది.

"ఇంతకీ ఆ కు దొరికినట్టా, దొరకనట్టా?"

రాజు చేతిలో పెన్ను ఇంకా జుయ్‌మంటూనే ఉంది. ఆపే మీట ఎక్కడుందో ఆ క్షణాన అతనికి తట్టలేదు.