వెనక్కి తీసుకున్న పేపరు

పసిపిల్లల వైద్యంలో ఉన్నవాళ్ళకు డాక్టరమ్మ పేరు కొత్త కాదు. పుట్టీపుట్టగానే రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డలకు మందును విడతలు విడతలుగా కాకుండా రోజుకొక్కసారే పెద్ద మోతాదులో ఇవ్వొచ్చని చెప్పిన పరిశోధన పేపరు ఆమెదే. దాన్ని ఆధారంగా చూపిస్తూ తమ పేపర్లు రాసుకున్నవాళ్ళకు లెక్కే లేదు.

ఆ ఏడు ఆమె పనిచేసే పరిశోధన సంస్థకు డైరెక్టరు కావలసి వచ్చింది. పోటీలో ఆమె కూడా ఉంది. పోటీలో ఉన్నవాళ్ళ సైటేషన్లు, అంటే వాళ్ళ పేపర్లను ఎంతమంది ఉదహరించారో లెక్కగట్టే పని లైబ్రేరియన్‌కు అప్పగించారు. ఆయన డాక్టరమ్మను కూర్చోబెట్టి తెర మీద ఒక పటం చూపించాడు. ఒక్కో చుక్క ఒక్కో పరిశోధకుడు, కలిసి రాసిన పేపరు గీత. అన్నిటికన్నా లావైన గీత ఆమె పిన్ని కొడుకు దగ్గరికి పోయింది. ఆ మోతాదు పేపరు కోసం, మందు చెవులకు హాని చేసిందేమోనని పిల్లల వినికిడి పరీక్షలు చేసింది అతనే. ఆ పేరు మీదే ఇప్పుడు మరో కాలేజీలో విభాగాధిపతి అయ్యాడు.

తన పేపరును ఉదహరించినవాళ్ళంతా అందులో ఏం రాశారని ఆమె అడిగింది.

"అవెవరు చదువుతారు మేడమ్? ఎన్నున్నాయో చూస్తారు, అంతే," అన్నాడాయన.

కాస్త గర్వం కొద్దీ ఆమె ఆ పేపర్లను ఇంటికి పట్టుకుపోయింది. చాలామంది ఒక్క వాక్యంలో ఆమె పేరు తలచి తమ దారిన పోయారు. ఒక చిన్న ఆసుపత్రి వాళ్ళు మాత్రం ఇదే మోతాదు ఇచ్చిన పిల్లల్లో కొందరు పిలిస్తే పలకడం లేదని, మరెవరైనా గమనించారా అని అడిగారు. వెతికితే అలాంటివే మరికొన్ని దొరికాయి. మెచ్చుకున్నవాళ్ళూ బెంబేలెత్తినవాళ్ళూ ఆ లెక్కలో ఒక్కటిగానే కలిసిపోయారు.

మర్నాడు పాత రికార్డులు తీయించింది. రెండోసారి పరీక్షకు రాని పిల్లలందరికీ 'వినికిడి బాగుంది' అని రాసి ఉంది. తమ్ముడికి ఫోన్ చేసింది. ఇదేమిటని నిలదీసింది.

"రాలేదంటే బాగున్నట్టే కదక్కా. తేడా ఉంటే వచ్చేవాళ్ళు."

"నువ్వు వెళ్ళి చూశావా?"

"ఇప్పుడు దాన్ని కెలికితే మనతో కలిసి రాసిన ప్రతివాడూ మునుగుతాడు."

"పిల్లలకు చెవులు పోయాయిరా," అందామె.

అయినా తన కళ్ళతో చూడకుండా నమ్మబుద్ధి కాలేదు. రికార్డులోని ఒక చిరునామా వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరుకు గదిలో ఒక పిల్ల గుమ్మానికి వీపు పెట్టి కాగితాలు కత్తిరించుకుంటోంది. డాక్టరమ్మ పేరు పెట్టి పిలిచింది, చప్పట్లు కొట్టింది. పిల్ల తల ఎత్తలేదు. తల్లి వెళ్ళి భుజం తడితే అప్పుడు తిరిగి చూసి నవ్వింది. రెండోసారి ఎందుకు రాలేదని అడిగితే, వచ్చామనీ, మిషను పాడైందని తిప్పి పంపించారనీ చెప్పింది తల్లి. పుట్టుకతోనే ఇంతేమో అనుకున్నామంది. మందు వల్లేనని డాక్టరమ్మ చెప్పేసరికి ఆవిడ పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఇది కడుపులో ఉన్నప్పుడు నేనే ఏదో చేశానని ఇన్నేళ్ళూ మా అత్త అంటానే ఉంది," అంది.

ఆ వారమే డాక్టరమ్మ తప్పు ఒప్పుకుని పేపరు వెనక్కి తీసుకుంది. డైరెక్టరు పదవి ఇంకొకరికి పోయింది. తమ్ముడి ఉద్యోగం ఊడింది. నా కొడుకు నోట్లో మన్ను కొట్టావని పిన్ని ఫోన్లో శాపనార్థాలు పెట్టింది. కలిసి రాసినవాళ్ళంతా ముఖం చాటేశారు. వాటన్నిటికీ ఆమె సిద్ధపడే ఉంది. మరుసటి ఏడు లైబ్రేరియన్ వచ్చి, ఆ పేపరుకు సైటేషన్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయని చెప్పినప్పుడు మాత్రం నిలువునా నీరైపోయింది. ఒకరి పేపర్లోంచి ఇంకొకరు ఎత్తి రాసుకుంటున్నారు తప్ప, అసలు పేపరు తెరిచి చూసేవాళ్ళు లేరు.

అలా ఎత్తి రాస్తున్న ఒక్కొక్కరికీ ఉత్తరం రాసింది. వైద్య విద్యార్థుల పుస్తకం వేసేవాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. ఆ మోతాదు ఇప్పటికే అచ్చయిపోయిందనీ, మళ్ళీ అచ్చు వేసేటప్పుడు దిద్దుతామనీ, అదెప్పుడో ఇంకా అనుకోలేదనీ.

దాంతో ఆసుపత్రులకు తనే ఫోన్లు మొదలుపెట్టింది. ఒకచోట నర్సు ఎత్తింది. వెనకాల పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. డాక్టరమ్మ తన పేరు చెప్పింది.

"అయ్యో, మీరా మేడమ్! మీ మోతాదే ఇస్తున్నాం. ఒక్క నిమిషం, ఈ బిడ్డకు సూది వేసొస్తా."

"ఆగమ్మా, వెయ్యకు," అంటుండగానే అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది.