గంగామణి పడగొట్టిన పసుపు బస్తా

నేను ఒక గోనెబస్తాను. నిజామాబాద్ మార్కెట్లో నా పసుపు ఘాటుకు ఏనుగు తుమ్మిందనీ, ఆ తుమ్ముకు ఎగిరిన దళారి బోధన్‌లో దిగాడనీ చెబుతారు. చెప్పేది నేనే, నమ్మితే నమ్మండి.

పసుపు అమ్ముడయ్యాక నా కడుపులో ఊక కుక్కి, మూతి కుట్టి, బడి మైదానంలో నిలబెట్టాడు పీఈటీ లింబాద్రి సారు. రగ్బీ అట. పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని కింద పడేయడమే చదువు. మనుషులు బస్తాతోనైనా పగ పెట్టుకోగలరు.

అక్కడి ఆడపిల్లలందరూ కబడ్డీ నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో గంగామణి చీలమండ పట్టిందంటే రైలింజనైనా ఆగాల్సిందే. జిల్లా జట్టులో చేరాలని ఆమె పంతం. కానీ దూకేటప్పుడు తలను ఎదుటివాళ్ల కాళ్లకు ముందు పెట్టేది.

"కబడ్డి మర్చిపో బిడ్డా. ఉరికొచ్చేటోళ్ల మోకాలు తల్గితే తలకాయ పల్గుతది. తల వెనుకకుండాలె, భుజం తొడకు తాకాలె," అన్నాడు సారు.

"పడ్డదా లేదా సార్? లేస్తే దాన్నే అడుగుండ్రి," అంది గంగామణి.

పడ్డాను. ఎలా తగిలినా పడతాను. కాళ్లు లేని ఒళ్లు నాది. తిరిగి తన్నడం నాకెక్కడ వస్తుంది?

సారు ఒక్కడే. అవతలి చివర బంతి అందించడం నేర్పి వచ్చి, పిల్లల ఒంటి మీద నా పసుపు మరక చూసేవాడు. భుజం పచ్చగా ఉంటే సరిగ్గా కొట్టినట్టు. నుదురు పచ్చబడితే మళ్లీ మొదటికి. గంగామణి నుదురు చున్నీతో తుడుచుకుని, గేదె గోడకు రాసుకున్నట్టు భుజాన్ని నాకేసి రాసేది. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే రాదు.

"గిప్పుడు మంచిగ నేర్చినవ్," అని సారు ఆమెను ఎంపిక పోటీలో దించాడు.

ఎదురుగా బంతితో వచ్చిన పిల్ల బక్కపలచనిది. గంగామణి దూకింది, తల ముందుకు పెట్టే. మోకాలు కణతకు తగిలింది. లేచి నిలబడింది కానీ, తనవాళ్లు ఏ వైపో ఆమెకు తెలియలేదు. ఈ ఏడాదికి ఆట వద్దన్నాడు డాక్టరు.

"భుజం పచ్చగనే ఉండె గద బిడ్డా," అన్నాడు సారు.

"నేనే రాసుకున్న సార్."



జిల్లా జట్టు పోటీలకని బస్సెక్కి వరంగల్ వెళ్లిన రోజు గంగామణి మైదానానికి వచ్చింది. నన్ను మెల్లగా పడుకోబెట్టి, మీద కూర్చుంది. ఆమె బరువు నాకు తెలుసనే అనుకున్నాను. తెలిసింది పరుగెత్తుకొచ్చే బరువే. ఊరికే కూర్చున్న గంగామణి ఇంత బరువుంటుందని ఆ రోజే తెలిసింది.